హైకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కోరికల జాబితా రాయడం ఎలా

విజయనగరంలో మేము కొందరం ఆదివారం పూట ఒకచోట కూర్చుని, మూలపడిన కంప్యూటర్లను మళ్లీ పనిలోకి తెచ్చే ప్రయత్నం కొంతకాలంగా చేస్తున్నాము. ఆ పాత యంత్రాల మీద మేము ఎక్కించేది హైకూ అనే ఆపరేటింగ్ సిస్టమ్. అది చిన్నది, చురుకైనది, ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోగలిగినది. అయితే దానిని రోజువారీ పనికి పెట్టినవారికి 'ఇది కూడా ఉంటే బాగుండును' అనిపించే సందర్భాలు వస్తూనే ఉంటాయి. అలాంటి మాటలన్నీ కూడగట్టి, హైకూను తయారు చేస్తున్నవారికి పంపాలని మేము మొదటిసారి కూర్చున్నప్పుడు ఒక్క పూటలోనే నలభైకి పైగా కోరికలు కాగితం మీదికి వచ్చాయి. వాటిని ఒక్కొక్కటిగా యంత్రం ముందు పెట్టి పరీక్షించిన తరువాత పంపదగినవిగా తేలినవి తొమ్మిది మాత్రమే. అంత పెద్ద జాబితా అంత చిన్నదిగా ఎలా మారిందో, మిగిలినవాటిని ఏ పద్ధతిలో రాయాలో, శ్రీకాకుళంలోనో సాలూరులోనో ఇలాంటి ప్రయత్నం చేయదలచినవారికి ఉపయోగపడేటట్లు ఇక్కడ వివరిస్తున్నాను.

ఎవరిని అడుగుతున్నామో ముందు తెలుసుకోవాలి

హైకూ పుట్టుక తెలియకపోతే దాని నుంచి ఏమి ఆశించవచ్చో, ఏమి ఆశించకూడదో తెలియదు. ఝా లూయీ గాసే 1990లో స్థాపించిన బీ అనే సంస్థ బీఓఎస్ పేరుతో ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారు చేసింది. దాని ఐదవ విడుదల 2000లో వచ్చింది. 2001లో బీ సంస్థ ఆస్తులను పామ్ సంస్థ 1.1 కోట్ల డాలర్లకు కొనుక్కోవడంతో బీఓఎస్ తయారీ నిలిచిపోయింది. దానిని వదులుకోలేని వాడుకరులు అదే సంవత్సరం ఓపెన్‌బీఓఎస్ అనే పేరుతో మొదటి అక్షరం నుంచి తిరిగి రాయడం మొదలుపెట్టారు. 2004లో ఆ ప్రయత్నానికి హైకూ అని పేరు పెట్టారు. పరీక్ష కోసం వదిలే కూర్పుల్లో తొలి ఆల్ఫా 2009లోను, దానికన్నా పక్వమైన తొలి బీటా 2018లోను, ఐదవ బీటా 2024 సెప్టెంబరులోను వెలువడ్డాయి.

ఈ సంవత్సరాలను వరసగా చూసినవారికి ఒక సంగతి అర్థమవుతుంది. ఇది పెద్ద కంపెనీ జీతాలిచ్చి చేయిస్తున్న పని కాదు. అత్యధిక భాగం స్వచ్ఛందంగా, సొంత ఉద్యోగాలు ముగిశాక దొరికిన వేళల్లో జరుగుతున్న పని. దీని వెనుక లాభాపేక్ష లేని హైకూ ఇన్‌కార్పొరేటెడ్ అనే సంస్థ ఉంది. 2021లో విరాళాల సొమ్ముతో ఒక ప్రోగ్రామరును పూర్తికాలపు పనికి తీసుకున్నారు. కాబట్టి మన జాబితాను చదివే మనిషి సాయంత్రం రెండు గంటలు మిగుల్చుకుని కూర్చున్నవాడు అయి ఉంటాడని మనసులో పెట్టుకుని రాయాలి. ఆ రెండు గంటల్లో గంటన్నర మన కోరికకు అర్థం వెతుక్కోవడానికే పోతే, అది తీరే అవకాశం అంతగా తగ్గిపోతుంది.

మరొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హైకూ మొదటి పూర్తి విడుదలకు పెట్టుకున్న లక్ష్యం బీఓఎస్ ఐదవ విడుదలతో సమానంగా నిలవడం. 32 బిట్ కూర్పు ఇప్పటికీ ఆ కాలపు ప్రోగ్రాములను మార్పు లేకుండా నడపగలదు, అందుకోసం ప్రోగ్రాము రాతను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే చాలా పాత కంపైలర్‌ను కూడా వెంట ఉంచుకుంటోంది. ఆ పొత్తును చెడగొట్టే కోరిక ఎంత మంచిదైనా మొదటి విడుదలకు ముందు ఒప్పుకోవడం కష్టం. 64 బిట్ కూర్పుకు ఆ బంధం లేదు. మన కోరిక ఏ కూర్పును ఉద్దేశించినదో రాయకపోతే, జవాబిచ్చేవారు మొదట అడిగే ప్రశ్న అదే అవుతుంది.

వాడకుండా కోరవద్దు

మా తొలి జాబితాలో సగానికి పైగా కోరికలు ఎందుకు నిలవలేదంటే, అవి హైకూను వాడి రాసినవి కాకపోవడం వల్ల. వేరే సిస్టమ్‌లో అలవాటైన ప్రతి సౌకర్యాన్నీ గుర్తు చేసుకుని, అది ఇక్కడ లేదని రాశాము. అలా రాసిన జాబితా ఆ వేరే సిస్టమ్ గురించి చెబుతుందే తప్ప హైకూ గురించి ఏమీ చెప్పదు.

అందుచేత మొదటి పని, కనీసం ఒక నెలపాటు నిజమైన పనికి హైకూను వాడటం. ఇందుకు ఉన్న సిస్టమ్‌ను చెరిపివేయనక్కరలేదు. హైకూ ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి, దాని నుంచే కంప్యూటర్‌ను ప్రారంభించి, ఎక్కించకుండా వాడి చూసే ఎంపికను నొక్కితే డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. 32 బిట్ కూర్పుకు 384 ఎంబీ మెమరీ, 3 జీబీ స్థలం ఉంటే చాలు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసిన తరువాత ఇళ్లలోను, చిన్న దుకాణాల్లోను పక్కకు చేరిన యంత్రాలు ఈ కొలతలకు చాలా పైనే ఉంటాయి. యంత్రం సరిగా లేవకపోతే, ప్రారంభమయ్యే సమయంలో షిఫ్ట్ కీని గానీ, కొత్త తరహా యంత్రాలపై స్పేస్ బార్‌ను గానీ నొక్కి పట్టుకుంటే బూట్ ఎంపికలు వస్తాయి. అందులో సురక్షిత గ్రాఫిక్స్ పద్ధతిని ఎంచుకుని ప్రయత్నించాలి. ఏ ఎంపికతో లేచిందన్నది కూడా రాసిపెట్టుకోవలసిన సమాచారమే.

ఆ నెల రోజులూ పక్కన ఒక నోటుపుస్తకం ఉండాలి. అందులో ప్రతి అడ్డంకికి ఐదు విషయాలు రాయాలి: ఏ పని చేస్తున్నాము, ఏ యంత్రం మీద, ఏమి జరిగింది, ఏమి జరగాలని అనుకున్నాము, చివరికి ఆ రోజు పనిని ఎలా గట్టెక్కించాము. ఈ ఐదింటిలో చివరిదానిని చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో అదే అన్నిటికన్నా విలువైనది. 'ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పక్కింటి కంప్యూటర్‌లో ప్రింటు తీసుకున్నాను' అని రాస్తే ఆ అడ్డంకి ఎంత బరువైనదో చదివేవారికి వెంటనే తెలుస్తుంది. 'మరో మెనూ నుంచి అదే పని చేసుకున్నాను' అని రాస్తే అది అంత తొందర లేని కోరిక అని కూడా తెలుస్తుంది. కోరికను రాయవద్దు, అడ్డంకిని రాయండి అని మా కూటమిలో కొత్తగా చేరినవారికి ముందుగా చెబుతున్నాము.

మూడు కుప్పలు

నెల గడిచాక పుస్తకాలన్నీ ఒకచోట పెట్టి, ప్రతి అడ్డంకినీ మూడు కుప్పల్లో ఏదో ఒకదానిలో వేయాలి. హైకూ సిస్టమ్ మారితే తప్ప తీరనివి మొదటి కుప్ప. ఏదో ఒక ప్రోగ్రాము మారితే తీరేవి రెండవ కుప్ప. మనకు తెలియకపోవడం వల్ల అడ్డంకిగా కనబడినవి మూడవ కుప్ప.

మూడవ కుప్పకు మా ఉదాహరణ చెబుతాను. హైకూ ఫైలు వ్యవస్థలో ఒక గొప్ప సదుపాయం ఉంది. ప్రతి ఫైలుకూ మనకు కావలసిన వివరాలను తగిలించి, ఆ వివరాలను బట్టి డేటాబేస్‌లో వెతికినట్లు వెతకవచ్చు. మా మిత్రుడొకరు ఊళ్లలో సేకరించిన జానపద గీతాల రికార్డింగులకు ఊరి పేరు, పాడినవారి పేరు వివరాలుగా చేర్చారు. వెతికితే ఒక్కటీ దొరకలేదు. 'వెతుకులాట పనిచేయడం లేదు, సరిచేయండి' అని జాబితాకెక్కించారు. తరువాత చూస్తే, కొత్త వివరానికి ముందుగా, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ఒక సూచిక తయారు చేయాలని, సూచిక పుట్టిన తరువాత రాసిన వివరాలు మాత్రమే అందులోకి చేరుతాయని తెలిసింది. సూచికను తయారు చేసి, వివరాలను మళ్లీ రాయగానే బొబ్బిలి పాటలన్నీ ఒక్క విండోలోకి వచ్చాయి. పంపవలసిన కోరికేదీ అక్కడ మిగలలేదు. ఇలాంటివాటిని పంపే ముందు హైకూతో పాటే వచ్చే వాడుకరి మార్గదర్శిని ఒకసారి తిరగేయడం కనీస మర్యాద.

రెండవ కుప్పకు కరెంటు కోత మంచి ఉదాహరణ. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ను, 2018 అక్టోబరులో తిత్లీని చూసిన ఈ జిల్లాల వారికి రాస్తూ రాస్తూ ఉండగా కరెంటు పోవడం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. మా పరీక్షల్లో అలా ఆగిపోయిన యంత్రం తిరిగి మామూలుగానే లేచింది, డిస్కు తనిఖీ అంటూ కూర్చోబెట్టలేదు. హైకూ ఫైలు వ్యవస్థ తన నిర్మాణంలో చేసే ప్రతి మార్పునూ ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది కాబట్టి ఇది సాధ్యమవుతుంది. అయితే సేవ్ చేయని ఉత్తరం మాత్రం పోయింది. ఆ చిట్టా కాపాడేది ఫైలు వ్యవస్థ నిర్మాణాన్నే, మనం ఇంకా భద్రపరచని రాతను కాదు. అందువల్ల 'కరెంటు పోతే రాసినది పోతోంది' అన్నది సిస్టమ్ మీద పెట్టవలసిన కోరిక కాదు, తనంతట తాను సేవ్ చేసే సదుపాయం కోసం ఫలానా ఎడిటర్ తయారీదారులను అడగవలసిన కోరిక. కుప్ప తప్పితే ఉత్తరం తప్పుడు చిరునామాకు వెళ్లినట్లే అవుతుంది.

తెలుగు అక్షరం సంగతి

ఇక మొదటి కుప్పలో మాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తేలిన విషయానికి వస్తాను. మా వీధిలో డీటీపీ పని చేసే ఒకాయనకు హైకూ ఉన్న యంత్రాన్ని చూపించి, స్టైల్డ్ ఎడిట్ అనే ఎడిటర్‌లో ఒక తెలుగు ఫైలును తెరిచాను. ఆయన తెర వైపు కాసేపు చూసి, "ఏటి మాస్టారూ, ఒత్తు ఓ కాడ, అచ్చరం ఓ కాడ ఉన్నాయి?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నలో మా జాబితాలోని మొదటి కోరిక మొత్తం ఉంది. అయితే దానిని ఆ రూపంలోనే పంపితే చదివేవారికి అర్థం కాదు. 'తెలుగు సపోర్ట్ కావాలి' అని పంపితే అసలే అర్థం కాదు.

యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు చోటు ఉంది. అందులో ఒత్తులకు విడి సంకేతాలు లేవు. 'శ్రీ' అనే అక్షరాన్ని కంప్యూటర్ శ, పొల్లు, ర, ఈకారపు గుణింతపు గుర్తు అనే నాలుగు సంకేతాలుగా దాచుకుంటుంది. ఈ నాలుగింటినీ కలిపి ఒక్క ఆకారంగా ఎలా చూపాలో చెప్పే పట్టికలు ఫాంటులోనే ఉంటాయి. ఆ పట్టికలను చదివి, ఏ గుర్తు ఎక్కడ కూర్చోవాలో తేల్చే పనిని హార్ఫ్‌బజ్ వంటి కూర్పు యంత్రాంగం చేస్తుంది. ఫ్రీటైప్ వంటి సహాయక ప్రోగ్రాము చేసేది ఆ తేల్చిన ఆకారాలను గీయడం మాత్రమే. గీసేవాడు ఉండి కూర్చేవాడు లేకపోతే నాలుగు సంకేతాలూ నాలుగు బొమ్మలుగా వరసన నిలబడతాయి. మా యంత్రాల మీద బీటా 5 సొంత ప్రోగ్రాముల్లో మేము చూసినది ఇదే. క్యూటీ అనే ప్రోగ్రాము తయారీ సామగ్రి ఆధారంగా నడిచే ప్రోగ్రాములు కూర్పు యంత్రాంగాన్ని తమతోనే తెచ్చుకుంటాయి కాబట్టి, అదే ఫైలు అదే ఫాంటుతో ఒక విండోలో తప్పుగా, మరొక విండోలో ఒప్పుగా కనబడవచ్చు. ఈ రెండు విండోలనూ పక్కపక్కన పెట్టి తీసిన స్క్రీన్‌షాట్‌కు పది పేరాల వివరణ కన్నా ఎక్కువ బలం ఉంటుంది.

పరీక్షకు ఏ మాటలు ఎంచుకోవాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. మా ఊరి పేరుతో పరీక్షిస్తే లోపం సగమే బయటపడుతుంది, ఎందుకంటే 'విజయనగరం'లో ఒక్క ఒత్తు కూడా లేదు. 'శ్రీకాకుళం' దానికన్నా మంచి పరీక్ష. చూడటానికి నాలుగు అక్షరాలే అయినా అందులో పది సంకేతాలున్నాయి, సంకేతాలను ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి ఆ మాట మొత్తం ముప్పై బైట్లు. మేము చివరికి ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకూర్మం, బొబ్బిలి, నెల్లిమర్ల అనే ఐదు ఊళ్ల పేర్లను పరీక్షమాటలుగా స్థిరం చేసుకున్నాము. వాటిలో మహాప్రాణపు ఒత్తు, ద్విత్వం, రేఫతో మొదలయ్యే జంట, ఒత్తుతో పాటు గుణింతం అన్నీ వస్తాయి.

అక్షరం కనబడటంతో పని పూర్తి కాదు. బాణం కీ నొక్కితే కర్సర్ 'శ్రీ'ని ఒక్క అంగలో దాటాలి. బ్యాక్‌స్పేస్ మాత్రం ఒక్కొక్క సంకేతాన్నే చెరపడం చాలా సిస్టమ్‌లలో ఉన్న అలవాటు, గుణింతం తప్పు పడినప్పుడు అది ఉపయోగకరం కూడా. ఈ రెంటినీ కలిపి 'కర్సర్ సరిగా లేదు' అని రాస్తే, సరిగ్గా ఉన్నదాన్ని కూడా మార్చేసే ప్రమాదం ఉంది. ఏది ఎలా ఉండాలో ముందు మనలో మనం తేల్చుకోవాలి. ఫైలు పేర్ల విషయం కూడా ఇలాంటిదే. హైకూ ఫైలు వ్యవస్థలో పేరుకు 255 బైట్ల పరిమితి ఉంది కాబట్టి తెలుగులో 85 సంకేతాలు పడతాయి. ఇది మామూలు పనికి సరిపోతుంది, దీనిని కోరికగా పంపనక్కరలేదు.

టైపు చేసే పద్ధతుల దగ్గర మాకు పెద్ద చర్చే జరిగింది. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో దాదాపు ప్రతి కీకీ ఒక సంకేతం ఉంటుంది. ఆంగ్లపు 'కె' కీ మీద క, షిఫ్ట్‌తో ఖ, 'డి' కీ మీద పొల్లు. ఇలాంటి అమరికను హైకూలోని కీమ్యాప్ అనే ప్రోగ్రాము ద్వారా ఎవరైనా ఓపికగా కూర్చుని తయారు చేయవచ్చు, అందుకు ప్రోగ్రామింగ్ రానక్కరలేదు. అందువల్ల ముందుగా కీమ్యాప్ జాబితాలో తెలుగు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే కోరికను పంపే బదులు తయారు చేసిన కీమ్యాప్‌నే పంపాలి. ఆంగ్ల అక్షరాలతో రాస్తే తెలుగు వచ్చే పద్ధతికి మాత్రం కీమ్యాప్ చాలదు. నొక్కిన అక్షరాలను పట్టి ఉంచి మార్చే ఇన్‌పుట్ పద్ధతి కావాలి, అది వేరే కోరిక, పెద్ద కోరిక. డీటీపీ దుకాణాలవారు అడిగిన 'అను ఫాంటులతో చేసిన పాత ఫైళ్లు తెరుచుకోవాలి' అన్నది మళ్లీ వేరు. ఆ ఫాంటులు యూనికోడ్ కాని సొంత సంకేతాలను వాడతాయి కాబట్టి, అక్కడ కావలసింది మార్పిడి చేసే చిన్న ప్రోగ్రాము. 'తెలుగు' అనే ఒక్క మాట కింద ఇన్ని కోరికలున్నాయని విడదీసి చూసేదాకా మాకే తెలియలేదు.

పోగొట్టుకోకూడనివి కూడా రాయాలి

కోరికల జాబితా అంటే లోపాల పట్టిక మాత్రమే అనుకోవడం పొరపాటు. పైన చెప్పిన వివరాల వెతుకులాట, తెర చకచకా కదిలే తీరు, ఈమెయిళ్లు కూడా మామూలు ఫైళ్లలాగా ఉండటం వంటివి మా పనికి ఎంత ఉపయోగపడుతున్నాయో జాబితా మొదట్లోనే అరపేజీ రాశాము. తయారీదారులు ఒక భాగాన్ని మార్చబోయేటప్పుడు, ఫలానా ఊళ్లో ఫలానా పనికి దీనిని వాడుతున్నారన్న సంగతి వారికి తెలిసి ఉండాలి. అప్‌డేట్ బెడిసికొడితే బూట్ ఎంపికల్లోకి వెళ్లి, ప్యాకేజీల పాత స్థితిని ఎంచుకుని యంత్రాన్ని లేపగలగడం కూడా అలాంటి సదుపాయమే. అది మాకు రెండుసార్లు ఆదివారపు పనిని కాపాడింది.

యంత్రాల విషయంలో

ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. 'వైఫై రావడం లేదు' అనే మాటకు విలువ లేదు. టెర్మినల్‌లో లిస్ట్‌డెవ్ అనే ఆదేశం ఇస్తే యంత్రంలోని భాగాల తయారీ సంఖ్యలు వస్తాయి, యూఎస్‌బీ పరికరాలకు లిస్ట్‌యూఎస్‌బీ అనే ఆదేశం ఉంది. ఆ సంఖ్యలు, వాటితో పాటు సిస్టమ్ చిట్టా ఫైలు జతచేయాలి. హైకూ నెట్‌వర్కు డ్రైవర్లలో చాలా భాగం ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీల నుంచి తెచ్చుకున్నవి కాబట్టి, ఆ సిస్టమ్‌లలో అదే పరికరం పనిచేస్తోందా అన్నది చూసి చెప్పగలిగితే సగం దారి చూపినట్లే. గ్రాఫిక్స్ కార్డు బలంతో త్రీడీ నడపడం, రెండు మానిటర్లను విడివిడిగా వాడటం వంటివి బీటా 5లో లేవని తయారీదారులకు తెలుసు. వాటిని మళ్లీ గుర్తు చేస్తే పని వేగం పెరగదు.

టికెట్ రాయడం

హైకూకు ట్రాక్ అనే నమోదు వ్యవస్థ ఉంది. అక్కడ ఖాతా తెరిచి ఒక్కొక్క అడ్డంకికి ఒక్కొక్క టికెట్ రాయాలి. తొమ్మిదింటినీ ఒకే టికెట్‌లో కుక్కితే అందులో ఒకటి తీరినా దానిని మూసేయడం కుదరదు, చివరకు ఎవరూ ముట్టుకోరు. రాసే ముందు అదే విషయం మీద పాత టికెట్ ఉందేమో రెండు మూడు రకాల మాటలతో వెతకాలి. సంక్లిష్ట లిపుల కూర్పు వంటి పెద్ద విషయాలను సాధారణంగా ఎవరో ఒకరు ముందే నమోదు చేసి ఉంటారు. అప్పుడు కొత్తది తెరవకుండా, పాతదాని కింద మన ఆధారాలను చేర్చాలి. 'మాకు కూడా కావాలి' అని మాత్రమే రాయడం ఆధారం కాదు.

ప్రతి టికెట్‌లో కూర్పు సంఖ్య తప్పకుండా ఉండాలి. డెస్క్‌బార్ మెనూ నుంచి హైకూ గురించి చెప్పే విండోను తెరిస్తే హెచ్‌ఆర్‌ఈవీ అనే అక్షరాల తరువాత ఒక సంఖ్య కనబడుతుంది, దానిని ఉన్నదున్నట్లు దించుకోవాలి. ప్రోగ్రాము కూలిపోతే డీబగ్గర్ ఇచ్చే నివేదికను సేవ్ చేసి జతపరచాలి. సిస్టమే ఆగిపోయి తెర మీద అక్షరాలు నిండిపోతే, ఆ తెరను ఫోనుతో స్పష్టంగా ఫోటో తీయాలి. టికెట్ ఆంగ్లంలో ఉండాలి, కానీ ముందు తెలుగులో రాసుకుని తరువాత మార్చుకుంటే ఆలోచన చిక్కుపడదని మా అనుభవం. మేము రాసుకున్న ముసాయిదా ఇలా ఉంది:

"హైకూ బీటా 5, 64 బిట్ కూర్పు. స్టైల్డ్ ఎడిట్‌లో నోటో తెలుగు ఫాంటును ఎంచుకుని, 'శ్రీకాకుళం' అనే మాట ఉన్న యూటీఎఫ్-8 ఫైలును తెరిచాము. మొదటి అక్షరంలోని నాలుగు సంకేతాలు నాలుగు వేర్వేరు ఆకారాలుగా వరసగా కనబడుతున్నాయి. అవి కలిసి ఒకే అక్షరంగా కనబడాలి. ఇదే ఫైలు, ఇదే ఫాంటుతో, క్యూటీ ఆధారిత ఎడిటర్‌లో సరిగా కనబడుతోంది. అందువల్ల లోపం ఫైలులో గానీ ఫాంటులో గానీ లేదని భావిస్తున్నాము. ఫైలును, రెండు స్క్రీన్‌షాట్లను జతచేశాము. దీనివల్ల తెలుగు ఉత్తరాలు రాసుకునే పనికి ఈ ఎడిటర్‌ను వాడలేకపోతున్నాము. మార్పు జరిగితే తెలుగు చదవగలిగిన మేము మూడు రకాల యంత్రాల మీద పరీక్షించి చెప్పగలము."

ఇందులో ఎలా సరిచేయాలో మేము చెప్పలేదన్నది గమనించాలి. పరిష్కారం తయారీదారుల పని. ఏది సరైన తెలుగో చెప్పడం మన పని, ఆ పని వారు చేయలేరు.

ఏది ముందు, ఏది వెనుక

తొమ్మిది కోరికలకు వరస నిర్ణయించేటప్పుడు చేతులెత్తించి లెక్కపెట్టడం మాకు నచ్చలేదు, గట్టిగా మాట్లాడేవారి వైపే చేతులు లేస్తాయి. అందుకు బదులుగా ఒక్కొక్కరికి పది చింతపిక్కలు ఇచ్చి, కోరికలు రాసిన కాగితాల మీద ఎవరికి ఇష్టమైనట్లు వారిని పంచి పెట్టమన్నాము. ఒకే కోరిక మీద పదీ పెట్టినా సరే. ఎవరికి ఏది ప్రాణమో, ఏది ఉంటే బాగుంటుందో ఈ పద్ధతిలో తేటగా కనబడింది.

అయితే పిక్కల లెక్కతోనే వరస తేల్చకూడదు. ఎక్కువ పిక్కలు పడినది మెనూలన్నీ తెలుగులో కనబడాలన్న కోరికకు. అది నాకూ ప్రియమైన కోరికే. కానీ అక్షరాల కూర్పు సరికాకుండా మెనూలను అనువదిస్తే, ఆ మెనూల్లో ఒత్తులు విడిపోయి ఎవరూ చదవలేని తెలుగు కనబడుతుంది. అందుచేత అక్షరాల కూర్పు మొదట, టైపు చేసే పద్ధతి తరువాత, అనువాదం ఆ తరువాత అని వరస మార్చి, ఎందుకు మార్చామో కాగితం మీద రాసి అందరికీ చదివి వినిపించాము. ఒక కోరిక తీరితే మరెన్ని కోరికలకు దారి తెరుచుకుంటుందో చూడటం ఈ దశలో అన్నిటికన్నా ముఖ్యం.

మనం ఇవ్వగలిగినది

ప్రతి కోరిక పక్కన మన వంతు ఏమిటో ఒక వాక్యం రాయాలి. ఐదు పరీక్షమాటల ఫైలు, సరిగా కనబడే తీరుకు నమూనా బొమ్మ, సొంతంగా చేసిన కీమ్యాప్, కొద్దిపాటి విరాళం, ఇవన్నీ వంతులే. ఇంజనీరింగ్ చదివే పిల్లలు కూటమిలో ఉంటే వారికి సీ ప్లస్ ప్లస్‌తో చేయగలిగిన చిన్న లోపాలను అప్పగించాలి. హైకూలో కొత్తవారు పంపే మార్పులను గెరిట్ అనే వ్యవస్థలో అనుభవజ్ఞులు చదివి, తప్పులు చెప్పి, దిద్దించిన తరువాతే చేర్చుకుంటారు. ఆ దిద్దుబాటు తరగతిలో దొరకని చదువు. కొత్తవారు ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమంలో హైకూ 2007 నుంచి అనేక పర్యాయాలు పాల్గొంది కాబట్టి, శ్రద్ధ ఉన్న విద్యార్థికి ఆ దారి కూడా చూపించవచ్చు.

పంపిన తరువాత

టికెట్‌కు వారాల తరబడి జవాబు రాకపోవచ్చు. రోజూ గుర్తు చేయడం వల్ల ఉపయోగం లేదు, కానీ ప్రశ్న వస్తే రెండు రోజుల్లోపల జవాబు ఇవ్వాలి. ఆ బాధ్యతకు కూటమిలో ఒకరి పేరును ముందే నిర్ణయించాలి. కుదరదని జవాబు వస్తే కారణాన్ని పుస్తకంలో రాసిపెట్టుకోవాలి, తరువాత చేరినవారు అదే కోరికను మళ్లీ పంపకుండా అది కాపాడుతుంది. హైకూకు తరచుగా వెలువడే పరీక్ష కూర్పులు కూడా దొరుకుతాయి. మన టికెట్ విషయంలో మార్పు జరిగిందని తెలిసినప్పుడు వాటిలో ఒకదానిని వేరే పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి, రోజువారీ పని చేసే యంత్రాన్ని కదపకుండా చూసుకోవాలి. అదే యంత్రం మీద, అదే ఫాంటుతో, ఇచ్ఛాపురం నుంచి నెల్లిమర్ల వరకు ఆ ఐదు పేర్లనూ మళ్లీ తెరిచి, పాత బొమ్మ పక్కన కొత్త బొమ్మను పెట్టి, తేదీ, కూర్పు సంఖ్య రాసి టికెట్‌కు చేర్చాలి.